ఎలుగుబంటి ముందు ఎవరు నిలబడాలి?

గుహలోకి అడుగుపెట్టి నిమిషం కూడా కాలేదు. ఎలుగుబంటి లేచింది. మా విజర్డ్ పుస్తకం తెరిచి మంత్రం మొదలుపెట్టాడు. నా రోగ్ రెండు బాకులు పట్టుకుని పక్కనుంచి దూసుకెళ్లాడు. పొడిచాడు కూడా. ఎలుగు ఇటు తిరిగి ఒక్కటిచ్చింది, సగం ప్రాణం హరీమంది. భయమేసి వాణ్ని వెనక్కి పరిగెత్తించాను. పరిగెత్తే వీపు మీద ఇంకొక్కటి పడింది. నా హీరో నేలమీద. తర్వాతి వంతు విజర్డ్‌ది. గేమ్ ఓవర్.

ఆ గేమ్ 'పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ'. ఆ అడవి పేరు వేల్‌వుడ్. అక్కడ చచ్చినవాళ్లలో నేను మొదటివాణ్ని కాదు, ఆఖరివాణ్నీ కాదు. ఈ గేమ్ ఆడినవాళ్లెవరినైనా కదిపి చూడండి, ఎలుగుబంటి గుహ అనగానే ఓ నవ్వు నవ్వుతారు. లోడ్ చేశాను, చచ్చాను. మళ్లీ లోడ్, మళ్లీ చావు. ఏడో సారికి నాకు వేరే అనుమానం మొదలైంది. నేను ఆడటంలో తప్పు చేస్తున్నానా, లేక ఆట మొదలవకముందే, ఆ మొట్టమొదటి స్క్రీన్ మీదే తప్పు చేసేశానా?

ఎంపీసీయా? బైపీసీయా?

ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ గేమ్ ఏది తెరిచినా ముందు అడిగేది ఒకటే: నువ్వెవరు? పిల్లర్స్‌లో అయితే దానికి 11 జవాబులు. ఫైటర్, బార్బేరియన్, మాంక్, రోగ్, రేంజర్, విజర్డ్, డ్రూయిడ్, ప్రీస్ట్, పాలడిన్, చాంటర్, సైఫర్. వీటినే క్లాసులంటారు. ఒక్క దెబ్బ కొట్టకముందు, ఆ లోకంలో ఒక్క అడుగు వేయకముందు ఇందులో ఒకటి ఎంచుకోవాలి. పదో తరగతి ఫలితాలొచ్చిన వారంలో ఎంపీసీయా బైపీసీయా తేల్చి చెప్పమన్నట్టు ఉంటుంది.

ఫోన్‌లో ఐదుగురి టీమ్ గేములు ఆడేవాళ్లకి ట్యాంక్, సపోర్ట్ లాంటి మాటలు కొత్త కాదు. ఒకడు ముందు నిలబడి దెబ్బలు తింటాడు, ఒకడు వెనక నుంచి కొడతాడు, ఇంకొకడు కాపాడతాడు. కాకపోతే అక్కడ హీరో నచ్చకపోతే పావుగంటలో మ్యాచ్ అయిపోతుంది, తర్వాతి మ్యాచ్‌లో మార్చేస్తారు. ఇక్కడ ఆ వేషంతో యాభై, అరవై గంటలు బతకాలి. ఇరవయ్యో గంటలో 'అయ్యో, ఇది కాదు' అనిపిస్తే పోయేది గేమ్ కాదు, మీ నెల రోజుల రాత్రులు.

అందుకే నన్నడిగితే, ఒక ఆర్‌పీజీ మంచిదా కాదా అని తేల్చేది గ్రాఫిక్స్ కాదు. ఏమీ తెలియని మనిషి చేత అది ఏం ఎంపిక చేయిస్తుంది, ఆ ఎంపిక తప్పయితే వాణ్ని ఎలా చూస్తుంది అన్నదే. ఈ ప్రశ్నకు గట్టిగా బుర్ర పెట్టిన గేముల్లో చాలావరకు పెద్ద కంపెనీల డబ్బుతో వచ్చినవి కావు. చందాలతో వచ్చినవి. అది కాకతాళీయం కాదేమో.

చందా పెరిగితే క్లాస్ పెరిగింది

2012 మొదట్లో అమెరికాలోని అబ్సిడియన్ స్టూడియో పరిస్థితి ఏం బాలేదు. చేతిలో ఉన్న పెద్ద ప్రాజెక్టు ఒకటి రద్దయింది, చాలామందిని ఉద్యోగాల్లోంచి తీసేయాల్సి వచ్చింది. వాళ్లలో సీనియర్లు కొందరు 90ల్లో పైనుంచి చూసే పాతకాలం ఆర్‌పీజీలు చేసిన చేతులే. మళ్లీ అలాంటిది చేయాలని ఉన్నా, ఇప్పుడు అవెవరు కొంటారని పబ్లిషర్లు పెదవి విరిచేవారు.

అదే ఏడాది ఫిబ్రవరిలో డబుల్ ఫైన్ అనే స్టూడియో కిక్‌స్టార్టర్ వెబ్‌సైట్‌లో ఒక అడ్వెంచర్ గేమ్ కోసం 4 లక్షల డాలర్లు అడిగితే జనం 33 లక్షలు ఇచ్చారు. అబ్సిడియన్ కూడా సెప్టెంబర్‌లో అదే తలుపు తట్టింది. అడిగింది 11 లక్షల డాలర్లు. ఒక రోజుకు కాస్త అటూ ఇటుగా అది నిండిపోయింది. అక్టోబర్ మధ్యలో లెక్క మూసేసరికి 73,986 మంది కలిసి 39 లక్షల 86 వేల డాలర్ల పైన ఇచ్చారు. అప్పటికి గేమ్‌కి సరైన పేరు కూడా లేదు, 'ప్రాజెక్ట్ ఎటర్నిటీ' అనేవారు. చూపించడానికి గేమ్ లేదు. ఒక వీడియో, కొన్ని బొమ్మలు, కొన్ని మాటలు. అంతే.

ఇప్పుడు అసలు విషయం. కిక్‌స్టార్టర్‌లో స్ట్రెచ్ గోల్ అని ఒకటుంటుంది. మన వీధి వినాయకుడి చందాలాంటిదే. ఇంత వస్తే విగ్రహం, ఇంకాస్త వస్తే లైటింగ్, ఇంకా వస్తే బ్యాండు మేళం. అబ్సిడియన్ పెట్టిన తొలి మెట్టు ఇది: 14 లక్షల డాలర్లు దాటితే ఒక కొత్త జాతి, ఒక కొత్త క్లాస్, ఒక కొత్త సహచరుడు. తర్వాత మరిన్ని మెట్లు. అలా పెరిగీ పెరిగీ జాబితా 11 దగ్గర ఆగింది.

వినడానికి పండగలాగే ఉంటుంది. తయారుచేసేవాడికి మాత్రం తలనొప్పి. ఎందుకంటే క్లాస్ అంటే కొత్త డ్రెస్ కాదు. యుద్ధంలో దానికంటూ ఓ పని ఉండాలి. ఫైటర్ చేసే పనే బార్బేరియన్ చేస్తే బార్బేరియన్ ఎందుకు? 11 మందికి 11 పనులు ఎక్కణ్నుంచి తేవాలి? పైగా ఒక్కో క్లాస్ కోసం జనం ముందే డబ్బు కట్టేశారు. ఇది బాలేదు, తీసేద్దాం అనడానికి లేదు.

2014 ఏప్రిల్‌లో ఇస్తామన్న గేమ్ 2015 మార్చి 26న వచ్చింది. ఏడాది ఆలస్యం. కానీ వచ్చింది. చందాలు తీసుకుని అసలు రాని గేములు కూడా ఉన్నాయి కాబట్టి ఆ మాట చెప్పుకోవాలి.

కార్నర్ పట్టు

నా రోగ్ వీపు మీద పడిన ఆ రెండో దెబ్బ దగ్గరికి వద్దాం. దానికో పేరుంది: డిస్‌ఎంగేజ్‌మెంట్ అటాక్. గేమ్ మొత్తంలో నాకు నచ్చిన రూల్ ఇదే. ఆ రోజు మాత్రం తిట్టుకున్నాను.

'ముందు నిలబడటం' అనే పని వీడియో గేమ్‌లో చెప్పినంత తేలిక కాదు. మీరు ఇనుప కవచం తొడిగి ఎంత ముందు నిలబడినా, శత్రువుకి బుద్ధుంటే మిమ్మల్ని వదిలేసి పక్కనుంచి నడిచిపోయి వెనకున్న బక్కపల్చని విజర్డ్‌ని చంపుతాడు. అప్పుడు మీ కవచం ఎందుకు? ఆన్‌లైన్ గేములు దీనికి ఓ చిట్కా కనిపెట్టాయి. ట్యాంక్ ఒక బటన్ నొక్కి శత్రువుని రెచ్చగొడతాడు, వాడు మంత్రమేసినట్టు ట్యాంక్‌నే కొడుతూ ఉంటాడు. పని జరుగుతుంది గానీ, ఒక డ్రాగన్ తిట్టుకి కోపమొచ్చి ఇనుప గోడని కొరుకుతూ కూర్చోవడం కాస్త వింతే.

పిల్లర్స్‌లో ఆ చిట్కా లేదు. ఎంగేజ్‌మెంట్ ఉంది. దగ్గరగా పోట్లాడే ఇద్దరు ఎదురుపడగానే ఒకరికొకరు చిక్కుకుంటారు. ఆ పట్టులోంచి తప్పుకుని కదిలితే అవతలివాడికి ఓ ఉచిత దెబ్బ దక్కుతుంది, అదీ గట్టి దెబ్బ. కబడ్డీ చూసేవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. కార్నర్‌లో ఉన్నవాడు చీలమండ దొరకబుచ్చుకున్నాక రైడర్ గీత దాకా వెళ్తే వెళ్లొచ్చు, ఊరికే మాత్రం వెళ్లలేడు. మామూలుగా ఒకరు ఒక్కరినే పట్టగలరు. ఫైటర్ డిఫెండర్ అనే పద్ధతిలోకి మారితే ఒకేసారి ఒకరికంటే ఎక్కువమందిని పట్టి ఉంచుతాడు. దానికి తోడు అతనికి దెబ్బలు తింటూనే కాస్త కాస్త కోలుకునే గుణం ఉంటుంది. అంటే ఫైటర్ పని దెబ్బలు తినడం కాదు. దారి మూసేయడం. గుహ ద్వారంలో, ఇరుకు వంతెన మీద ఒక్క ఫైటర్‌ని సరైన చోట నిలబెడితే వెనకున్న ఐదుగురూ బతుకుతారు.

నేను చేసిందేమిటి? పట్టు పట్టేవాడు లేకుండా రైడ్‌కి వెళ్లాను. ఎలుగుబంటి నన్నే పట్టింది, నేనేమో పట్టులోంచి పరిగెత్తాను.

ఇది అందరికీ నచ్చలేదు. పాత 'బాల్డర్స్ గేట్' ఆడి పెరిగినవాళ్లు యుద్ధంలో అటూ ఇటూ పరిగెత్తుతూ, శత్రువుని తిప్పుతూ కొట్టేవారు. ఆ స్వేచ్ఛ పోయిందని వాళ్ల బాధ. వాళ్ల మాట పూర్తిగా తప్పనను. కానీ శత్రువుని చెట్టు చుట్టూ తిప్పి చంపొచ్చు అంటే ఫైటర్‌తో పనే లేదు. ఎంగేజ్‌మెంట్ వచ్చాకే ఆ పాతకాలపు కత్తివీరుడికి నిజమైన ఉద్యోగం దొరికింది.

రోగ్ ఉద్యోగం కూడా దీనిమీదే ఆధారపడింది. శత్రువు రెండు వైపుల నుంచి చిక్కుకున్నా, కళ్లు కనబడకపోయినా, కాలు కదపలేకపోయినా రోగ్ దెబ్బకి సగం అదనంగా కలుస్తుంది. అలాంటి స్థితి ఏదీ లేని శత్రువు మీదకి ఒంటరిగా వెళ్లిన రోగ్ రెండు బాకులు పట్టుకున్న మామూలు మనిషే. అది నాకు ఏడు చావుల తర్వాత తెలిసింది.

యుద్ధంలో బుర్రకథ

ఫైటర్, రోగ్, విజర్డ్, ప్రీస్ట్ ఎలాగూ పాత చుట్టాలు. అబ్సిడియన్ తెలివి కనబడేది కొత్తవాళ్ల దగ్గర.

చాంటర్‌ని చూడండి. యుద్ధం మొదలవగానే పాట అందుకుంటాడు. ఆపడు. పాటలో ఒక్కో చరణం సాగుతున్నంతసేపూ తనవాళ్లకి చిన్న చిన్న బలాలు వస్తుంటాయి. అలా కొన్ని చరణాలు పూర్తయితే ఒక పెద్ద పిలుపు పిలవొచ్చు. మొదట్లోనే దొరికే ఒక పిలుపుతో నేలలోంచి అస్థిపంజరాలు లేచొచ్చి మీ తరఫున పోట్లాడతాయి. పక్కన బుర్రకథ నడుస్తుంటే ముందు కత్తులు ఆడుతున్నట్టు ఉంటుంది. యుద్ధం ఎంత సాగితే చాంటర్‌కి అంత బలం. విజర్డ్ దీనికి తిరకాసు: మొదటి పది సెకన్లలో అంతా కుమ్మరించేసి తర్వాత చేతులు కట్టుకుంటాడు. అతని మంత్రాలు లెక్కపెట్టి ఉంటాయి, విశ్రాంతి తీసుకుంటే గానీ తిరిగి రావు. ఆ విశ్రాంతికి క్యాంపింగ్ సామాను కావాలి. హార్డ్‌లో ఆడితే ఒకేసారి రెండు మోపులే మోయగలరు. ఒకే మంత్రం వేయాలా వద్దా అని గుంజాటన పడే ఆ క్షణమే విజర్డ్ ఆట.

సైఫర్‌కి ఈ గొడవ లేదు. ఇతరుల మనసులోకి దూరే మనిషి. ఆయుధంతో కొట్టిన ప్రతి దెబ్బకీ ఫోకస్ అనే శక్తి కూడుతుంది, అది ఖర్చుపెట్టి శత్రువుని మీవైపు తిప్పుకోవచ్చు. కొట్టు, దాచు, ఖర్చుపెట్టు. రోజుకూలీ లెక్క. మాంక్ ఇంకో రకం: తనకి తగిలిన దెబ్బలే తన పెట్టుబడి. గాయాలు పేరుకుంటేనే పెద్ద దెబ్బలు వేయగలడు, కాబట్టి వాణ్ని దెబ్బలు తగిలేచోటే నిలబెట్టాలి. ఎంత తగలాలో, ఎప్పుడు ఆపాలో చూసుకునే పని మీది.

పాలడిన్ సంగతి చెప్పకపోతే అన్యాయం. అతని రక్షణ అతని ప్రవర్తన మీద ఆధారపడుతుంది. కైండ్ వేఫేరర్స్ అనే సంఘానికి చెందిన పాలడిన్ అయితే ఊళ్లో జనంతో దయగా మాట్లాడితే యుద్ధంలో గట్టిపడతాడు, క్రూరంగా, మోసంగా ఉంటే సడలిపోతాడు. బ్లీక్ వాకర్స్ సంఘంలో చేరితే తలకిందులు, అక్కడ క్రూరత్వమే బలం. సంతలో మీరన్న మాట గుహలో మీ ప్రాణం మీదకొస్తుంది. క్లాస్ అనే మాటకి యుద్ధం బయట కూడా అర్థం ఇచ్చిన తీరు నాకు భలే నచ్చింది.

రేంజర్, డ్రూయిడ్, బార్బేరియన్ ఎలా ఉంటారో పేర్లే చెబుతాయి.

ఇంకో సంగతి. గేమ్ విడుదలైనప్పుడు కథలో దొరికే సహచరులు ఎనిమిది మంది. ఎడేర్ ఫైటర్, అలాత్ విజర్డ్, డ్యూరన్స్ ప్రీస్ట్, కానా రువా చాంటర్, ఇలా. రోగ్, మాంక్, బార్బేరియన్ క్లాసులకి మాత్రం సహచరుడు లేడు. కావాలంటే సత్రంలో డబ్బిచ్చి మూగమనిషి లాంటి కూలి సాహసిని తెచ్చుకోవాలి. తర్వాత 'వైట్ మార్చ్' అనే అదనపు భాగాలు రెండు వచ్చినప్పుడు సరిగ్గా ఆ ముగ్గురూ వచ్చారు. ఎనిమిది, మూడు, పదకొండు. లెక్క అప్పటికి సరిపోయింది.

కండలు తిరిగిన మాంత్రికుడు

'బాల్డర్స్ గేట్' 1998 నాటిది. అందులో మొదటి లెవెల్ మాంత్రికుడి ప్రాణం నాలుగు పాయింట్లో, మహా అయితే ఆరో. ఒక్క బాణం తగిలితే సమాప్తం. వేయగలిగిన మంత్రాలు ఒకటో రెండో. పైగా పాత్ర తయారుచేసేటప్పుడు అంకెలు ఎలా పంచాలో రూల్ బుక్ తెలిసినవాడికే తెలుస్తుంది. మాంత్రికుడికి బలం ఎక్కువ పెట్టారా, ఆ పాయింట్లు బూడిదలో పోసిన పన్నీరు. గేమ్ ఏమీ అనదు. మిమ్మల్ని అలాగే వెళ్లనిచ్చి తర్వాత చంపుతుంది.

పిల్లర్స్‌కి డైరెక్టర్ జాష్ సాయర్. ఆయన పట్టుబట్టింది ఈ ఉచ్చు మీదే. ఏ క్లాస్‌కైనా ఆరు గుణాల్లో ఏది పెంచినా ఏదో ఒక ఉపయోగం ఉండాలి, పూర్తిగా చెడిపోయిన పాత్ర అంటూ ఉండకూడదు. అందుకే ఇందులో 'మైట్' అనే గుణం కత్తి దెబ్బకే కాదు, మంత్రం దెబ్బకీ, వైద్యానికీ కూడా పనికొస్తుంది. ఒక్కో పాయింటుకి 3 శాతం. 'ఇంటెలెక్ట్' పెంచితే మంత్రం పడే వలయం పెద్దదవుతుంది. పైగా అలా అదనంగా పెరిగిన అంచులో మీవాళ్లు నిలబడినా వాళ్లకి తగలదు, శత్రువులకే తగులుతుంది. తెలివైన ఫైటర్, బలమైన విజర్డ్, రెండూ చెల్లుబాటే.

జనం దీన్నీ వదల్లేదు. బస్తాలు మోసే కండలున్నవాడే గొప్ప మాంత్రికుడేంటి అని జోకులేశారు. రెండో భాగం 'డెడ్‌ఫైర్' కోసం 2017లో ఫిగ్ అనే సైట్‌లో మళ్లీ చందా పట్టారు. డబ్బిచ్చినవాళ్లకి ముందే ఆడటానికి ఇచ్చిన బీటాలో దీన్ని మార్చి కూడా చూశారు, కండబలం ఒక గుణానికి, మంత్రబలం వేరే గుణానికి ఇచ్చి. ఆడినవాళ్లలో అసంతృప్తి వచ్చింది. పాత మైట్ తిరిగొచ్చింది. పబ్లిషర్ డబ్బుతో చేసే గేమ్‌లో ఇలాంటి చర్చ మీటింగ్ రూమ్ దాటి బయటికి రాదు. ఇక్కడ చందాదారుల ముందే నడిచింది.

డెడ్‌ఫైర్‌లో రెండు క్లాసులు కలిపి ఒకే మనిషిని చేసుకోవచ్చు. ఫైటర్, రోగ్ కలిస్తే స్వాష్‌బక్లర్. ఫైటర్, విజర్డ్ కలిస్తే బ్యాటిల్‌మేజ్. సరదాగా ఉంటుంది. కాకపోతే ఒక్క క్లాస్‌కే కట్టుబడ్డవాడికి దక్కే ఆఖరి మెట్టు శక్తులు ఇద్దరి పని చేసేవాడికి దక్కవు.

అసలు క్లాసే వద్దంటే?

బెల్జియం స్టూడియో లారియన్ ఈ గొడవని వేరేలా తెంపింది. వాళ్ల 'డివినిటీ: ఒరిజినల్ సిన్' 2013లో కిక్‌స్టార్టర్‌లో 4 లక్షల డాలర్లు అడిగి 9 లక్షల 44 వేలు తెచ్చుకుంది. 2015లో రెండో భాగానికి 20 లక్షల పైన వచ్చాయి. ఇందులో క్లాస్ అనేది మొదటి రోజు వేసుకున్న చొక్కా మాత్రమే. రెండో రోజు నుంచి ఎవరు ఏ విద్యైనా నేర్చుకోవచ్చు. నైట్‌గా మొదలైనవాడు మంటలు వేయొచ్చు, విలుకాడు శవాలు లేపొచ్చు. నేలమీద నూనె పోసి నిప్పు పెట్టడం, నీళ్లలో నిలబడ్డవాడికి కరెంటు షాకివ్వడం, ఇదంతా మహా సంబరం.

తప్పు చేస్తే? రెండో భాగంలో మొదటి అంకం దాటాక ఓడ ఎక్కుతారు. ఆ ఓడ కింది అంతస్తులో ఒక మాయా అద్దం ఉంటుంది. దాని ముందు నిలబడి పాయింట్లన్నీ వెనక్కి తీసుకుని మళ్లీ పంచుకోవచ్చు. ఎన్నిసార్లైనా, పైసా ఖర్చు లేకుండా.

ఇంత స్వేచ్ఛ ఇచ్చారు కదా, అందరూ రకరకాలుగా ఆడతారనుకుంటాం. అక్కడే చిన్న మెలిక. రెండో భాగంలో ప్రతి శత్రువుకీ రెండు కవచాలు, ఒకటి శరీర దెబ్బలకి, ఒకటి మంత్ర దెబ్బలకి. కవచం అరిగిపోయేదాకా వాణ్ని పడగొట్టడం, స్పృహ తప్పించడం కుదరదు. ఇప్పుడు మీ నలుగురిలో ఇద్దరు కత్తులతో, ఇద్దరు మంత్రాలతో కొడుతున్నారనుకోండి. రెండు గోడల్ని విడివిడిగా తవ్వుతున్నట్టు. నలుగురూ ఒకే గోడ తవ్వితే సగం సమయంలో పని అయిపోతుంది. ఈ లెక్క తెలిసినవాళ్లు నలుగురి చేతా శరీర దెబ్బలే కొట్టించారు. వార్‌ఫేర్ అనే విద్య అన్ని శరీర దెబ్బల్నీ పెంచుతుంది కాబట్టి విలుకాడు కూడా అదే నేర్చుకున్నాడు. నెక్రోమాన్సర్ మంత్రాలు కొన్ని శరీర దెబ్బలుగా లెక్కకొస్తాయి, దాంతో వాడూ అదే బాట. తలుపులన్నీ బార్లా తెరిచి పెట్టినా జనం ఒక్క గుమ్మంలోంచే నడిచారు. నాకైతే మొదటి భాగం యుద్ధాలే ఇంకా స్వేచ్ఛగా అనిపిస్తాయి.

ఈ లారియనే తర్వాత 'బాల్డర్స్ గేట్ 3' చేసి 2023లో ప్రపంచాన్ని ఊపేసింది. దానికి కిక్‌స్టార్టర్ అవసరం పడలేదు.

నాలుగు గడులు

'డార్కెస్ట్ డంజన్' గురించి చెప్పేదాకా నాకు నిద్రపట్టదు. కెనడాలోని వాంకూవర్‌లో చిన్న స్టూడియో రెడ్ హుక్. 2014 ఫిబ్రవరిలో 75 వేల డాలర్లు అడిగితే 3 లక్షల 13 వేలు వచ్చాయి. 2016 జనవరిలో పూర్తి గేమ్ వచ్చింది. ఐప్యాడ్‌లో కూడా ఉంది.

ఇందులో మీ నలుగురు వరుసగా నిలబడతారు, ఒకటి నుంచి నాలుగు గడులు. ప్రతి విద్యకీ రెండు షరతులు: ఏ గడిలో ఉంటే వాడొచ్చు, అవతల ఏ గడిలో ఉన్నవాణ్ని తాకుతుంది. క్రూసేడర్ కత్తి మొదటి రెండు గడుల నుంచే పనిచేస్తుంది. వైద్యం చేసే వెస్టల్ వెనక గడుల్లో ఉంటేనే ఒకరిని గట్టిగా నయం చేయగలదు. హెలియన్‌కి మాత్రం మొదటి గడిలో నిలబడి అవతల ఆఖరి గడిలో దాక్కున్నవాణ్ని పొడిచే ఒక దెబ్బ ఉంది, దానికోసమే ఆమెని ప్రేమిస్తారు.

అంతా బాగానే ఉంటుంది, శత్రువులు హఠాత్తుగా మీద పడేదాకా. అప్పుడు వరుస చెదిరిపోతుంది. వెస్టల్ మొదటి గడికి వచ్చి పడుతుంది, క్రూసేడర్ నాలుగో గడిలో కత్తి ఊపుతూ నిలబడతాడు. క్లాస్ అదే, లెవెల్ అదే, ఆయుధం అదే. స్థలం మారింది, ఇద్దరూ పనికిరానివాళ్లయిపోయారు. సర్దుకునేలోగా ఒకరి ప్రాణం పోవచ్చు. పోతే పోయినట్టే, లోడ్ చేసి వెనక్కి తెచ్చుకోవడం ఉండదు.

మరో దెబ్బ మనసు మీద. ప్రతి హీరోకీ ఒత్తిడి మీటర్ ఉంటుంది. 100 దాటితే మనిషి మారిపోవచ్చు, అనుమానం, పిరికితనం, పక్కవాణ్ని తిట్టడం. 200 చేరితే గుండెపోటు. అందుకే ఇందులో జెస్టర్ అనే విదూషకుడికి విలువ. వాడి పాట శత్రువుని ఏమీ చేయదు, పక్కవాడి గుండె కాస్త నెమ్మదిస్తుంది. ట్యాంకు, కొట్టేవాడు, వైద్యుడు అనే మూడు ముక్కల లెక్కలో ఈ పని ఎక్కడా లేదు.

క్లాస్ పేరు కంటే చేతిలో ఉన్న పనే ముఖ్యం అని 'పాత్‌ఫైండర్: కింగ్‌మేకర్' ఇంకా మొరటుగా చెప్పింది. రష్యన్ డెవలపర్ల ఆవుల్‌క్యాట్ స్టూడియో 2017లో 9 లక్షల డాలర్ల పైన చందా పట్టి చేసిన గేమ్. మొదట్లోనే ఫ్యాంగ్‌బెర్రీ అనే గుహలో సాలీళ్ల గుంపులు ఎదురవుతాయి. కత్తితో ఎంత నరికినా గుంపుకి ఏమీ కాదు. నిప్పు కావాలి, లేదా ఒకేసారి అంతటా తగిలే దెబ్బ. మేటి కత్తివీరులు నలుగురున్నా అక్కడ సాలీళ్లకి పలహారమే. కత్తి పనిచేయదని కాస్త ముందు ఎవరైనా గట్టిగా చెప్పి ఉంటే బాగుండేది కదా అని ఇప్పటికీ అనుకుంటాను.

మళ్లీ గుహ దగ్గర

పిల్లర్స్‌లో కూడా తప్పు దిద్దుకునే దారి ఒకటుంది. సత్రంలో కొంత బంగారం ఇస్తే మీ మనిషి నేర్చుకున్నవన్నీ చెరిపేసి మొదటి లెవెల్ నుంచి మళ్లీ ఎంచుకోనిస్తారు. గుణాలు కూడా మార్చుకోవచ్చు. క్లాస్ మాత్రం మారదు. రోగ్‌గా పుడితే రోగ్‌వే.

నేను దాని జోలికి వెళ్లలేదు. ఎనిమిదోసారి గుహ వదిలేసి గిల్డెడ్ వేల్ అనే ఊరికి నడిచాను. ఊరి నడుమ ఒక చెట్టుకి శవాలు వేలాడుతుంటాయి, దాని కింద పైప్ కాలుస్తూ ఎడేర్ నిలబడి ఉంటాడు. ముందు కూడా అతన్ని చూశాను, కబుర్లు ఎక్కువ చెప్పేలా ఉన్నాడని పక్కకి తప్పుకుని వెళ్లిపోయాను. ఈసారి ఆగి చివరిదాకా మాట్లాడాను. వస్తానన్నాడు. సత్రంలో ఉన్న డబ్బుతో ఒక ప్రీస్ట్‌ని కూలికి పెట్టుకున్నాను.

గుహ. ఎడేర్ ముందు, డిఫెండర్ పద్ధతిలో, రాళ్ల మధ్య సందులో. ఎలుగుబంటి అతని మీద పడింది, పట్టు పడింది. అలాత్ మంత్రంతో దాని కళ్లు బైర్లు కమ్మాయి. ప్రీస్ట్ వెనక నుంచి ఏదో చదువుతున్నాడు. నేను నా రోగ్‌ని కదపకుండా మూడు సెకన్లు ఆగాను. ఆ మూడు సెకన్లు ఆగడం ఇంతకుముందు ఏడుసార్లలో ఒక్కసారీ చేయలేదు. తర్వాత చుట్టు తిరిగి దాని వెనక్కి పంపాను.

రెండు బాకులూ దిగాయి. ఎలుగు ఇటు తిరగబోయింది, ఎడేర్ వదల్లేదు.